గత్తం కాని కుప్ప

ఆ రోజు తెల్లవారుతూనే ముసురు పట్టింది. మడిలో నీళ్ళు సరిపోయాయని ఆడవాళ్ళు ముందే నాట్లకి దిగారు. నేను నారుకట్టలు గట్టు మీదికి మోసిపెట్టి, కాళ్ళు కడుక్కుని, బస్సెక్కి పట్నం వెళ్ళాను. ఒక ఇంజనీరింగు కాలేజీలో లాబ్ అటెండరుగా చేస్తున్నాను. ముందురోజు ఓవెన్‌లో పెట్టిన చెత్త నమూనాల పళ్ళేలు తీసి, చల్లారాక తూకం వెయ్యడం ఆ రోజు పని. రెండో పళ్ళెం తీస్తుండగా అక్క ఫోన్ చేసింది.

"నాన్న ఎలిపోనాడ్రా" అంది. గొంతులో ఏడుపు లేదు. "వొచ్చినప్పుడు నీళ్ళ కేన్లు తే. వోనకి ట్యాంకరు రాలేదు. నాన్నకి తానానికి నీళ్ళు లేవు" అంది.

అక్క మా పెదనాన్న కూతురు. పోయింది మా పెదనాన్న. ఆ మాట విని ఏడుపు రావడానికి ముందు నాకు సిగ్గు వచ్చింది. మా వైపు మనిషి పోతే ఆ ఇంటి నూతి నీళ్ళు తోడి పోస్తారు. ఆయన పెరట్లో నిండు నూయి ఉంది. పైన ముసురు, కింద మళ్ళ నిండా నీళ్ళు. ఆ ఇంట్లో పోయిన మనిషికి పొయ్యడానికి నీళ్ళు లేవు. ఎందుకు లేవో చెప్పకుండా మా పెదనాన్న గురించి ఎంత మంచి చెప్పినా అది సగం మాటే అవుతుంది.

మా వైపు పశువుల ఎరువుని గత్తం అంటాం. ఊళ్ళో గత్తం సంగతి తెలిసిన మనిషి ఎవరంటే చిన్నపిల్లలు కూడా మా పెదనాన్న ఇల్లు చూపించేవారు. ఆయన పెంట గొయ్యి పెరటి చివర ఉండేది. పొద్దున లేచి ముఖం కడగకముందే ఒక ఇనప చువ్వ పట్టుకుని అక్కడికి వెళ్ళేవాడు. చువ్వని కుప్పలోకి మోచేతి లోతు దించి వదిలేసి, వేపపుల్ల నములుతూ పశువులకి గడ్డి వేసి వచ్చేవాడు. అప్పుడు చువ్వ లాగి ఎడమ చేతి వెనక వైపు ఆనించుకునేవాడు. చురుక్కుమంటే కుప్ప ఇంకా ఉడుకుతోందని అర్థం. గోరువెచ్చగా ఉంటే తిరగెయ్యాలి. చల్లగా వచ్చి, చివర నల్లటి పొడి అంటుకుంటే, ఆ పొడిని వేళ్ళతో నలిపి మా అరచేతుల్లో పోసేవాడు.

"వోసన సూడండి. తొలకరి వోనకి తడిసిన మట్టి వోసన రావాల. పేడ వోసన వొచ్చిందంటే అది ఇంకా సెత్తే" అనేవాడు.

ఆ ఎడమ చేతి వెనక చర్మం నల్లగా, దళసరిగా ఉండేది. విత్తనం ఎప్పుడు చల్లాలో అడగడానికి, దూడ పాలు కుడవకపోతే చూడడానికి, గట్టు తగువు తీర్చడానికి కూడా ఆయన్నే పిలిచేవారు. ఆయన తొందరపడి మాట చెప్పేవాడు కాదు. చెప్పాక దాటేవాళ్ళు ఉండేవారు కాదు.

వయసులో ఉన్నప్పుడు ఆయనా, పెద్దమ్మ తమ్ముడూ చెరో ఎడ్లబండి కట్టుకుని పట్నంలో పూర్ణా మార్కెట్టుకి కూరగాయలు తోలేవారు. ఈ పెద్దమ్మ తమ్ముడు అక్కకీ నాకూ మావయ్య. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు. తిరిగి వచ్చేటప్పుడు బండి ఖాళీగా రాకూడదని మార్కెట్టు చెత్త నింపుకొచ్చేవారు. అరటి బొందలు, కుళ్ళిన వంకాయలు, కొత్తిమీర కాడలు, తిని పారేసిన విస్తళ్ళు, తాటాకు బుట్టలు, పొయ్యి బూడిద. అది పొలంలో కుప్ప పోస్తే వానాకాలం దాటేసరికి పొడిపొడి గత్తం అయ్యేది. ఆ గత్తం వేసిన మళ్ళు దూరం నుంచే తెలిసేవట.

"మీ పెదనాన్న బండెనకాల ఈగలు పెళ్ళివోరిలాగ వొచ్చీవి" అని మావయ్య నవ్వించేవాడు. "మీ యత్త నన్ను పెరట్లోనే తానం సేయించి ఇంట్లోకి రానిచ్చీది."

అందుకే ఊరి వెనక కొండ వారగా ఉన్న బంజరులో పట్నం చెత్త పోస్తామని, లారీలు వెళ్ళడానికి మా మళ్ళ పక్కనుంచి దారి కావాలని మనుషులు వచ్చి అడిగినప్పుడు, ఊరంతా ఆయన ముఖమే చూసింది. ఆ సభ సంగతి మా నాన్న నాకు చాలాసార్లు చెప్పాడు. బడి వరండాలో కూర్చున్నారు. కంపు కొడుతుందేమో అని మొదట అన్నది మావయ్యే.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. "కంపేటి బావా? మనం బళ్ళు కట్టుకెళ్ళి తెచ్చుకున్న సెత్తే కదేటి. ఇప్పుడాళ్ళే గుమ్మంలోకి తెచ్చి పోత్తామంటే వొద్దంటామా? రెండు వోనాకాలాలు ముక్కు మూసుకోండి. కొండంత గత్తం అవుద్ది. మన పిల్లలు కూడా ఎత్తుకోనేరు."

జనం నవ్వారు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. మా నాన్న ఎత్తాడు. మావయ్య ఎత్తాడు.

రైతు కళ్ళకి కుప్ప అంటే ఎరువే. ఏ కుప్పయినా పోసి ఊరుకుంటే మెత్తబడి మట్టి అవుతుందని మావాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు. మారింది కుప్ప. బండి తోలిన రోజుల నాటికీ లారీలు వచ్చిన నాటికీ మధ్య పట్నం తినేదీ, కట్టేదీ, పారేసేదీ మారిపోయిన సంగతి మా ఊళ్ళో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లారీలు వచ్చిన రెండో ఏడు పెదనాన్న కుప్ప అంచు నుంచి ఒక బండెడు తవ్వి, జల్లించి, తన మడిలో వేశాడు. ఆ ఏడు పైరు నల్లగా కమ్ముకుంది. చూసినవాళ్ళంతా బళ్ళు కట్టారు. మరుసటి ఏడు నాట్లలో మా అమ్మ అరికాల్లో గాజు పెంకు దిగింది. తీసేసరికి మడిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకో ఆడమనిషి వేలు బ్లేడు ముక్కకి తెగింది. నీళ్ళు తీసిన మడిలో మన్ను మీద తెల్లటి పొర కట్టింది. పెదనాన్న వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు. నారు చివర్లు మాడిపోయాయి.

ఆ వేసవి అంతా ఆయన మడిలో కూర్చుని మట్టి జల్లించాడు. మడి మట్టిని జల్లెడ పట్టడం అంతకుముందు ఎవరూ చూడలేదు. గాజు ముక్కలు, పెన్ను మూతలు, షాంపూ కాగితాలు, నల్లటి బ్యాటరీ బొగ్గు గట్టు మీద ఒక పక్క కుప్ప పడ్డాయి. మా అమ్మ వెళ్ళి, "ఒగ్గేయండి బావగారూ, నా కాలు మానిపోనాది" అంది. ఆయన తల ఎత్తలేదు. "నీ కాలు మానిపోనాదమ్మా. మడి మానలేదు" అన్నాడు.

మావయ్య గట్టు మీద వెళ్తూ కేకవేసేవాడు. "ఏం బావా, గత్తం అయిందేటి?"

మొదట్లో అది వేళాకోళమే. "అవుద్ది బావా, కంగారేటి" అని పెదనాన్న నవ్వేవాడు. తర్వాత్తర్వాత ఊళ్ళో అందరూ ఆ మాట పట్టుకున్నారు. టీ కొట్టు దగ్గర, రేషను డిపో దగ్గర, పెళ్ళిలో భోజనాల పంక్తిలో కూడా. నవ్వు పోయింది, మాట మిగిలింది. ఆయన జవాబు చెప్పడం మానేశాడు.

కుప్ప పెరిగి రెండో కొండ అయింది. పెదనాన్న ఇనప చువ్వ పట్టుకుని అక్కడికీ వెళ్ళేవాడు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. చువ్వ దించి తీసేసరికి చేత్తో పట్టుకోలేకపోయాం. ఎండాకాలం లోపల్లోపలే అంటుకుని, మంట కనిపించకుండా పొగ వచ్చేది. నీళ్ళు కొడితే ఒక చోట ఆగి ఇంకో చోట లేచేది. వానాకాలం అడుగు నుంచి కాఫీ డికాషను లాంటి నీళ్ళు కారి పక్కనున్న వాగులో, మా గెడ్డలో, కలిసేవి. గెడ్డ మా ఊళ్ళోకి వస్తుంది.

పెదనాన్న నూయి ఒకప్పుడు ఆ వీధికంతటికీ పప్పు నూయి. ఆ నీళ్ళలో కందిపప్పు ఇట్టే ఉడికేదని వీధి ఆడవాళ్ళు సాయంత్రం బిందెలతో వచ్చేవారు. వాళ్ళు వచ్చేవేళకి పెద్దమ్మ నూతి గట్టు కడిగి ఉంచేది. గెడ్డ నల్లబడిన కొన్నేళ్ళకి నూయి మారింది. తోడినప్పుడు నీళ్ళు తేటగానే ఉంటాయి. బిందెలో కాసేపు ఉంటే ఎర్రబడతాయి. పైన నూనె తేలినట్టు రంగురంగుల పొర కడుతుంది. పప్పు ఎంతసేపున్నా పలుకుగానే ఉంటుంది. తెల్ల పంచె ఉతికితే పసుపు రంగు తిరుగుతుంది. ఆ తర్వాత వాసన మొదలైంది. బిందెలు ఒకటొకటే రావడం మానేశాయి. పెద్దమ్మ మాత్రం పోయేదాకా సాయంత్రం నూతి గట్టు కడుగుతూనే ఉంది.

గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి ముందు చెంబుతో నీళ్ళివ్వడం మావాళ్ళ పద్ధతి. ఊళ్ళో అది పోయింది. చుట్టాలు వస్తే కొట్టుకి పరిగెత్తి కూల్‌డ్రింకు సీసా తెస్తారు. వచ్చినవాళ్ళు ఈగలు తోలుకుంటూ తాగి, పని ఉందని లేస్తారు. ద్వారకా నగర్‌లో కోచింగుకి వెళ్ళే మా పిల్లలు ఏ ఊరని అడిగితే పద్మనాభం వైపు అంటారు. ఊరి పేరు చెప్పరు. కాలేజీలో చేరిన కొత్తలో నేనూ అలాగే చెప్పాను.

ఇన్నిటికీ ఊళ్ళో ఒక మనిషి దొరికాడు. ఎవరి ఇంట్లో పప్పు ఉడక్కపోయినా, ఎవరి గేదె ఈసుకుపోయి చూలు నిలవకపోయినా, కొండ వైపు కాకుండా మా పెదనాన్న ఇంటి వైపు చూసేవారు. చేతులెత్తిన వాళ్ళందరూ తమ చేతులు మర్చిపోయి ఆయన నోరు గుర్తుపెట్టుకున్నారు. మా ఇంట్లోనూ అంతే. "అన్న సెప్పబట్టే కదా" అని మా నాన్న అంటుంటే మేం వింటూ అన్నం తిన్నాం.

పెదనాన్న ఎవరినీ తిరిగి ఒక్క మాట అనలేదు. సభల్లో వెనక, స్తంభం చాటున కూర్చునేవాడు. విత్తనం గురించి ఎవరైనా అడిగితే, "నన్నడక్కండి. నా మాట ఇన్నోళ్ళ నూతులు సూడండి" అనేవాడు. కోపంగా కాదు. ఇంట్లో ఫలానా సామాను లేదని చెప్పినట్టు చెప్పేవాడు.

కొన్నేళ్ళ క్రితం మా కాలేజీ మేడం గారు ఆ కుప్పలో ఏముందో పరీక్ష చెయ్యడానికి బయల్దేరారు. ఆ ఊరివాణ్ణి కాబట్టి నన్ను వెంట తీసుకెళ్ళారు. పొక్లెయినుతో నిలువుగా గొయ్యి తీశారు. పైన కొత్త చెత్త, దాని కింద లారీలు తొక్కి అణిగిన పొరలు. ఒక చోట మన్ను ఎండి రాలుతోంది. బెత్తెడు పక్కన నల్లటి ముద్ద, పిండితే నీళ్ళు కారేలా ఉంది. మధ్యలో ప్లాస్టిక్ కవర్లు పొరలు పొరలుగా గొడుగుల్లా పరుచుకుని ఉన్నాయి. చాలా లోతు నుంచి వచ్చిన వార్తాపత్రిక ముక్క మీద అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. నైలాను చీర కొంగు రంగు కూడా మారలేదు.

తీసినదంతా టార్పాలిన్ మీద పోసి, కలిపి, చదును చేసి, నాలుగు భాగాలుగా గీశాం. ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతావి తోసేశాం. మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు. చేతికి వచ్చేంత మిగిలాక రకాలు ఏరాం. కూడు, ఆకు, గుడ్డ, కాగితం, ప్లాస్టిక్, రబ్బరు, గాజు, ఇనుము, ఏదో తెలియని మన్ను. ఏరుతుండగా చువ్వ పట్టుకుని పెదనాన్న వచ్చాడు. వెనక మావయ్య, ఇంకొందరు వచ్చారు.

మేడం గారు లేచి, "రండి తాతగారూ" అన్నారు. ఆయన కూర్చోలేదు. తెలియని మన్ను అని పక్కన పోసినదాన్ని వంగి తీసుకున్నాడు. నలిపాడు. వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఒక మాటడుగుతాను. ఇది గత్తం ఎప్పుడవుద్ది?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం గారు ఆ నవ్వు పట్టించుకోలేదు. ఆయనకి అర్థమయ్యేట్టు, ఏదీ తగ్గించకుండా చెప్పారు. గత్తం అవ్వాలంటే కుప్పకి గాలి ఆడాలి. ఇక్కడ బరువుకి అణిగిపోయి గాలి దూరదు. గాలి లేకపోతే కుళ్ళు వేరే దారి పడుతుంది. మండే గ్యాసు పుడుతుంది, పుల్లటి నీరు పుడుతుంది. ఆ నీరు ఇనుమునీ, ఉప్పునీ, బ్యాటరీల్లో ఉన్నదాన్నీ కరిగించుకుని కిందికి దిగుతుంది. కవర్ల కింద నీళ్ళు చేరని చోట ఏదీ కుళ్ళదు, అలాగే ఉండిపోతుంది.

"కూడు, ఆకు ఎప్పటికో అవుతాయి తాతగారూ. మిగతావి మీ మనవల మనవల కాలానికి కూడా అవవు" అన్నారు.

"అయితే నాను సెప్పింది తప్పే."

"మీరు చూసిన చెత్త వేరు. దాని గురించి మీరు చెప్పింది నిజమే."

"నాను సూసిన సెత్త గురించి ఎవుళూ అడగనేదమ్మా. ఈ సెత్త గురించి అడిగినారు. సూడకుండా సెప్పినాను."

నవ్విన మనిషి మళ్ళీ నవ్వలేదు. మావయ్య ఆ రోజు ఏమీ అడగలేదు. పెదనాన్న చేతిలో మన్ను టార్పాలిన్ మీద ఎక్కడిదక్కడే పోసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఇనప చువ్వ అక్కడే గుచ్చి ఉండిపోయింది. నేను తీసుకెళ్ళి ఇస్తే, పశువుల కొట్టంలో పెట్టమన్నాడు.

ఆ తర్వాత మూడు వీధుల నూతుల నీళ్ళు సీసాల్లో పట్టి లాబ్‌కి తీసుకెళ్ళాను. కుప్ప నుంచి కారే నీళ్ళలో ఏవేవి దొరికాయో నూతుల్లోనూ అవే దొరికాయి, పలచగా. వంటకీ తాగడానికీ పనికిరావని మేడం గారు చెప్పారు. ఈ కబురు ముందు పెదనాన్నకి చెప్పాను. ఆయన గడ్డి కోస్తున్నాడు. కొడవలి ఆపకుండా విన్నాడు.

"ఊరంతటికీ సెప్పాల. నువ్వు సెప్తే ఇనరు. నువ్వు గుంటడివి. పద."

బడి వరండాలోనే జనం కూర్చున్నారు. పెదనాన్న చాలా ఏళ్ళ తర్వాత స్తంభం చాటు నుంచి ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ పొద్దు ఈడ నిలబడి సెత్త రానీండని సెప్పింది నానే. నాకు తెల్సనుకున్నాను, తెల్దు. ఈ పొద్దు సెప్తన్నాను. నూతుల్లో నీళ్ళు తాగకండి. పిల్లలకి అసలు ఇవ్వకండి. ఈ మాట నాది కాదు, పరీక్ష సేసినోళ్ళది. అంచేత నమ్మండి."

మేమందరం చేతులెత్తాం కదా అని ఒక్కరైనా అంటారేమో అని నేను చూశాను. మా నాన్న పక్కనే కూర్చున్నాడు. నేల చూస్తున్నాడు. పెదనాన్న తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు మాటలు మొదలయ్యాయి. ట్యాంకరు కోసం ఎవరిని అడగాలన్నదే వాటి సారం.

ట్యాంకరు వచ్చింది. నూతుల చప్టాలు నాచు పట్టాయి.

చివరి ఏళ్ళలో ఆయనకి ఒక అలవాటు పట్టింది. ఊళ్ళో పెళ్ళయినా, పుట్టినరోజయినా భోజనాలు అయ్యాక వెళ్ళి, పారేసిన కుప్ప దగ్గర గొంతుక్కూర్చునేవాడు. ఆకులు ఒక పక్క, ప్లాస్టిక్ గ్లాసులు ఒక పక్క ఏరేవాడు. ఆకులు తట్టలో ఎత్తుకుని తన పెంట గొయ్యికి తీసుకెళ్ళేవాడు. పెళ్ళివారు తల తిప్పుకునేవారు. అక్క వెళ్ళి చెయ్యి పట్టి లాగేది.

"ఎంగిలాకులు ఏరుకుంతన్నాడని నవ్వుతన్నారు నాన్నా. నా పరువు తీసీకు."

"నవ్వనీ. ఇది అవుద్ది. నాకు తెల్సు. ఇది మట్టుకు గత్తం అవుద్ది" అనేవాడు.

అయ్యేది కూడా. ఎవరైనా అడిగితే ఒక గంపెడు ఇచ్చేవాడు. ఇచ్చేముందు గంపని నేల మీద బోర్లించి, వేళ్ళతో పలచగా పరిచి, గాజు లేదని చూపించి మళ్ళీ ఎత్తేవాడు. తీసుకునేవాళ్ళు వద్దన్నా వినేవాడు కాదు. మా మళ్ళకి కూడా అలాగే చూపించి ఇచ్చాడు. అన్న చేతి గత్తాన్ని తమ్ముడు అలా నిలబడి చూడడం మా నాన్నకి కష్టంగా ఉండేది. ఉన్నా చూసేవాడు.

నేను ఆటోలో కేన్లు వేసుకుని వెళ్ళేసరికి ముసురు ఆగింది. పందిరి కింద జనం ఉన్నారు. పద్మనాభం నుంచి వచ్చిన చుట్టాలు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. కొండ వైపు గాలి మా ఇళ్ళ మీదికే వీస్తోంది. వాళ్ళకి తాగడానికి ఏమిచ్చారో అని చూశాను. ప్యాకెట్ నీళ్ళు. చించిన ప్యాకెట్లు వాకిట్లో పడి ఉన్నాయి. వంగి ఏరేవాడు లోపల పడుకుని ఉన్నాడు.

మావయ్య పెరట్లో నూతి దగ్గర ఉన్నాడు. చేద గిలక తుప్పు పట్టి తిరగలేదేమో, ఎద్దు పగ్గం బిందెకి కట్టి చేత్తోనే లాగినట్టున్నాడు. నిండు బిందె చప్టా మీద ఉంది. నా వెనకే అక్క వచ్చింది.

"అదేటి మావా?"

"మీ నాన్నకే. ఆడే సెప్పినాడమ్మా. మొన్న కూకున్నప్పుడు అన్నాడు. ఊరు తాగిన నీళ్ళు, నాకొక్కపాలి పోస్తే ఏటైపోద్ది బావా, కేను నీళ్ళు వొద్దు అన్నాడు. నాతోటే అన్నాడు."

అక్క బిందెకీ ఇంటికీ మధ్య నిలబడింది.

"బతికినన్నాళ్ళూ ఆ నీళ్ళే నెత్తిన పోసుకున్నాడు కాదేటి. మీరే పోసినారు. గత్తం అయిందేటి, గత్తం అయిందేటని పోసినారు. పోయినాక కూడా అయ్యే పొయ్యాలా? ఆ నీళ్ళు మా నాన్న ఒంటికి తగల్నీను."

పెరట్లో ఉన్న ముసలివాళ్ళు విన్నారు. మా నాన్న విన్నాడు. మావయ్య బిందె వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. పగ్గం విప్పి చుట్ట చుట్టి పక్కన పెట్టాడు.

"సరేనమ్మా. నీ ఇట్టం" అన్నాడు. బిందె అక్కడే వదిలేశాడు.

అక్క కేన్లకి అంటించిన కంపెనీ కాగితాలు గోటితో గీకి తీసేసింది. ఆ నీళ్ళతోనే స్నానం చేయించాం. ఎడమ చేతి వెనక ఆ నల్లటి దళసరి చర్మం మెత్తబడలేదు. కొత్త పంచె కప్పాక అందరూ ఒక్కొక్కరే వచ్చి పాదాలు తాకారు. మావయ్య కాళ్ళ దగ్గర నిలబడి, "ఏం బావా..." అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. మిగతా మాట ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

శ్మశానం గెడ్డ అవతల. అక్కడి నుంచి రెండు కొండలూ కనిపిస్తాయి. అసలు కొండ మీద మబ్బు ఉంది, రెండోదాని మీద పొగ ఉంది. కట్టెలు తడిసి అంటుకోవడానికి ఆలస్యమైంది.

శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు స్నానం చెయ్యకుండా గడప తొక్కకూడదు. మేం తిరిగి వచ్చేసరికి ట్యాంకరు వచ్చి వెళ్ళిందట. వాకిట్లో నీలం డ్రమ్ము నిండుగా ఉంది. కుర్రాళ్ళు దాని చుట్టూ మూగి మగ్గులతో పోసుకుంటున్నారు. మావయ్య డ్రమ్ము దాటుకుని పెరట్లోకి వెళ్ళాడు. బిందె వదిలిన చోటే ఉంది. తోడినప్పుడు తేటగా ఉన్న నీళ్ళు ఈపాటికి ఎర్రబడ్డాయి. పైన పొర కట్టింది. ఆయన బిందె రెండు చేతులా ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్నాడు.

ఖాళీ బిందెకి మళ్ళీ పగ్గం కడుతుంటే మా నాన్న వెళ్ళాడు. ఇద్దరూ కలిసి లాగారు. ఈసారి మా నాన్న పోసుకున్నాడు. ఆ సభలో కూర్చున్న ముసలివాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు. ఒకరి వెనక ఒకరు పెరట్లోకి నడిచారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. బిందె దిగడం, నీళ్ళు పడడం మాత్రం వినిపించాయి. అక్క వెనక గుమ్మంలో నిలబడి చూసింది. ఈసారి అడ్డం రాలేదు.

ఆ నీళ్ళలో ఏముందో వాళ్ళందరికంటే నాకు బాగా తెలుసు. నేను డ్రమ్ము దగ్గరే నిలబడి, మగ్గుతో ట్యాంకరు నీళ్ళు పోసుకున్నాను.

వాళ్ళ పంచెలు ఆరకుండానే పసుపు రంగు తిరిగాయి.

పద్మనాభం చుట్టాలు చీకటి పడకముందే ఆటోలో వెళ్ళిపోయారు. ముసలివాళ్ళు తడి బట్టలతోనే ఇళ్ళకి వెళ్ళారు. మా నాన్న దీపాలు పెట్టే వేళకి వెళ్ళాడు. మావయ్య అందరికంటే ఆఖర్న, వాన మళ్ళీ మొదలయ్యాక వెళ్ళాడు.